దొనల వెంట ఐదు రోజులు

గుత్తి, డిసెంబర్ 11, గురువారం

కోట ఎక్కే ముందు బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని తిన్నాం. ప్లేటు 40 రూపాయలు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నానిన బొరుగుల్ని గట్టిగా పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి తాలింపులో వేసి కలిపి, దించే ముందు పప్పుల పొడి చల్లింది బండామె. మా వీపున సంచులు చూసి, "కోటకా అక్కా? పైన యాడా చుక్క నీళ్లు దొరకవు, మజ్జిగ తాగి పోండి" అంటూ మూడు గ్లాసులు నింపింది. ఉగ్గానికి డబ్బు తీసుకుంది గానీ మజ్జిగకు తీసుకోలేదు. "ఎండలో పొయ్యేటోళ్లకు మజ్జిగ అమ్ముతామా?" అంది.

మేం ముగ్గురం. నేను, మా తమ్ముడు, వాడి కూతురు. ఆ పిల్ల బెంగళూరులో చదువుతోంది. స్నేహితురాళ్లు నేపాల్ పోయి అన్నపూర్ణ బేస్ క్యాంప్ దాకా, 4,130 మీటర్ల ఎత్తుకు నడిచి వచ్చారని ఫొటోలు చూపించి, "మనమూ పోదాం అత్తా" అని ఆర్నెల్లుగా పోరుతోంది. నాకూ ఆశే. కానీ పుట్టి పెరిగిన సీమ కొండలు సరిగా ఎక్కకుండా అంత దూరం పోవడానికి మనసొప్పలేదు. ముందు ఇవి నడుద్దాం అన్నాను. అక్కడ ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఊపిరి చూసుకుంటూ నడవాలి. మన కొండల్లో చూసుకోవాల్సింది నీళ్లు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అందుకని మనిషికి మూడు లీటర్లు మోయాలని ఇంట్లోనే నియమం పెట్టుకున్నాం.

దారి పాత ఊరి సందుల్లోంచి, కొండ మొదట్లో ఉన్న ఇంగ్లీషు వాళ్ల సమాధుల మీదుగా పోతుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చిపెట్టింది గుత్తిలోనే. తర్వాత అస్థికల్ని మద్రాసుకు తీసుకుపోయారు. కలరా నీళ్ల వల్ల వచ్చే జబ్బు. నిజాం ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేసిన ఈ దత్తమండలాలకు తొలి కలెక్టరుగా ఏడేళ్లు ఈ నేలంతా గుర్రం మీద తిరిగిన మనిషి, చివరికి ఇక్కడే ఆ జబ్బుకు చిక్కాడు.

కొండ చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్లు లేస్తుంది. ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం, మలుపు తిరిగితే మరొకటి. మెట్ల బండలు జనం పాదాలకు అరిగి నున్నగా ఉన్నాయి, చెప్పు జారుతుంది. గంటన్నర ఎక్కాక మొదటి దొన కనిపించింది. రాతి చీలికల్లో వాన నీళ్లు నిలిచే గుంటల్ని మేం దొనలంటాం. కొండ మీద చీలిక కనిపించిన చోటల్లా అడ్డంగా రాతి గోడ కట్టి దొన చేశారు. ఈ దొనలో నీళ్లు పచ్చగా ఉన్నాయి. లోపలి బండ మీద ఒకదాని కింద ఒకటిగా తెల్లటి చారలు, నీళ్లు దిగిపోయిన గుర్తులు. మా మేనకోడలు గట్టున బోర్లా పడుకుని లెక్కపెట్టింది, పదకొండు. పై చారకూ నీళ్లకూ మధ్య రెండు నిలువుల ఎడం ఉంది. వానాకాలం పోయి రెండు నెలలే అయింది.

ఈ కోట పడిపోయింది కూడా ఈ దొనల వల్లే. మరాఠా నాయకుడు మురారి రావు ఇక్కడుండగా హైదర్ అలీ నెలల తరబడి చుట్టుముట్టాడు. కొండ ఎక్కలేకపోయాడు. పైన నీళ్లు అడుగంటాయి. సంధి మాటలు నడుస్తుండగా, కోట నుంచి పోయిన ఒక కుర్రవాడు భోజనాల దగ్గర మాటల్లో పడి, పైన మూడు రోజుల నీళ్లే ఉన్నాయని నోరు జారాడంటారు. హైదర్ ఇంక బేరానికి దిగలేదు. 1776లో కోట అతని చేతికి పోయింది. మురారి రావు బందీగానే చనిపోయాడు. అంచున సున్నం పూతతో మెరిసే చిన్న మండపాన్ని ఇప్పటికీ మురారి రావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. మేం అదే నీడలో కూర్చుని సద్ది తిన్నాం. కింద రైలు పట్టాలు, చెనిక్కాయ కోసిన చేలు, దూరంగా ఎండిన చెరువు. దిగేసరికి తొమ్మిది లీటర్లలో మిగిలింది ఒకటిన్నర. డిసెంబరులో ఇంత తాగుతామని నేను అనుకోలేదు.

బెలుం, డిసెంబర్ 12, శుక్రవారం

తాడిపత్రి దాటిన దగ్గర్నుంచీ రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల దొంతరలే. మా ఇంట్లో నేల, మా అమ్మ బట్టలుతికిన బండ, ఊళ్లో అరుగులు, అన్నీ ఈ రాయే. ఆ రాతిపొరల అడుగునే బెలుం గుహలు. పైన చూస్తే మామూలు చేను. చేని మధ్యలో బావుల్లాంటి గుంటలు మూడు. వాటిలో ఒకదాంట్లోంచి మెట్లు దిగాలి.

1884లో ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబౌర్ నాయకత్వాన వచ్చిన జర్మన్ల జట్టు కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, జనాన్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. అంతకు ముందు ఇక్కడి వాళ్లకు ఇది చెత్త పారేసే గుంత.

లోపల ఉక్క. పది నిమిషాల్లో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. కొన్నిచోట్ల నడుం వంచి, ఒకచోట దాదాపు పాకుతూ పోవాలి. గోడల మీద చేయి పెడితే అలల్లాగా వంపులు తగులుతాయి. సున్నపురాయిని నీళ్లు వేల వేల ఏళ్లు కరిగించుకుంటూ పోయిన జాడ. అన్నిటికన్నా లోతున, పై నేలకు 46 మీటర్ల కింద పాతాళగంగ ఉంది. సన్నటి ధార బండ సందులోంచి వచ్చి, మళ్లీ సందులోకే పోతుంది. నేను రెండు వేళ్లు తడిపి కళ్లకద్దుకున్నాను. నాలుగు చినుకులు పడని ఈ సీమలో, నేల అడుగున ఇంత పనిచేసింది నీళ్లే అంటే నమ్మబుద్ధి కాదు. కానీ వేళ్లకు తగులుతోంది కదా.

బయటికొచ్చాక జొన్నరొట్టె, గుత్తివంకాయ, చెనిక్కాయల పొడి. ముగ్గురికీ కలిపి 270. వంటామె రొట్టెను కట్టెల పొయ్యి మీద నుంచి నేరుగా మా పళ్లెంలోకి వేసింది. "చల్లారితే చెప్పండి, మళ్లా వేడిది ఏస్తా" అని మాత్రమే మాట్లాడింది.

గండికోట, 12 సాయంత్రం, 13 శనివారం

పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన గండి ఇది, ఆ గండి మీద కోట, అందుకే గండికోట. లోయ లోతు 300 అడుగులంటారు. అంచున పేర్చిపెట్టినట్టు ఎర్రటి బండలు. సూర్యాస్తమయానికి చేరాం. అంచు నుంచి కింద నీళ్లు చూసిన మా తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాడు సేద్యం మనిషి. ఏడు బోర్లు వేసి ఐదు ఎండబెట్టుకున్నవాడు.

రాత్రి డేరాలో పడుకున్నాం, ముగ్గురికి 1,800. ఇక్కడ నా బాధ చెప్పాలి. ఆ డేరాలవాళ్లు రాత్రి ఒంటిగంట దాకా పాటలు మోగించారు. తెల్లారి చూస్తే ఖాళీ నీళ్లబాటిళ్లు, పేపరు పళ్లేలు లోయ అంచున కుప్పగా ఉన్నాయి, సగం గాలికి కిందికి పోయాయి. అడిగితే "మళ్లా ఏరతాంలే మేడం" అన్నారు. మేమున్నంతసేపూ ఎవరూ ఏరలేదు. మా మేనకోడలు గోతాం ఒకటి అడిగి తీసుకుని, అంచు దగ్గర చేతికందినవి నింపింది. పక్క డేరాలోని కుర్రాళ్లు ముగ్గురు వచ్చి కలిశారు. మూడు గోతాలయ్యాయి.

కోట వాకిట్లో టీ కొట్టామెది తాళ్లప్రొద్దుటూరు. గండికోట జలాశయంలో మునిగిన ఊళ్లలో అదొకటి. టీ 15 రూపాయలు, చక్కెర తక్కువ వేయమంటే అలాగే వేసింది. "మా ఇల్లు ఆ నీళ్ల కింద ఉందక్కా. యాపచెట్టు కొన మాత్రం కొన్నాళ్లు పైకి కనపడతాండె" అంది. ఆ జలాశయంలోకి వచ్చేది పెన్న నీళ్లే కాదు, శ్రీశైలం నుంచి గాలేరు-నగరి కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు కూడా. అక్కడి నుంచి పులివెందుల వైపు ఎత్తిపోస్తారు. "చీనీ తోటలు బతికినాయంట. బతకనీలే, వాళ్లూ మనోళ్లే. కానీ మా ఊరి దేవళం గంట గుర్తొచ్చాది" అంటూ చీరకొంగుతో గ్లాసు తుడిచింది. మా తమ్ముడు రెండో టీ అడిగాడు, తాగాలని కాదు, ఇంకాసేపు అక్కడ నిలబడాలని.

తర్వాత మేం చేసిన తప్పు. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసి, నది ఒడ్డుకు దిగే దారి ఉందని విని ఎవర్నీ అడక్కుండా బయల్దేరాం. ధాన్యాగారం వెనక జీవాల బాట ఒకటి కనిపించింది. అదే దారి అనుకున్నాం. బాట పొదల్లోకి పోయి మూడుగా చీలింది. ఫోన్లో సిగ్నల్ లేదు. ముళ్లకంపల్లో గంటన్నర తిరిగి, చివరికి నిలువునా తెగిన అంచు మీద తేలాం. కాలి కింద నది, దిగడానికి దారి లేదు. పదకొండున్నర దాటింది, బండలు కాలుతున్నాయి. కోట చూడ్డానికే కదా అని ఆ పూట మనిషికి ఒక్క లీటరే తెచ్చుకున్నాం. గుత్తిలో నేర్చుకున్నది రెండు రోజులకే మరిచిపోయాను. బాటిళ్లు మూడూ ఖాళీ. మా తమ్ముడి పెదవులు తెల్లగా అయిపోయాయి. వాడికి షుగరుంది. నాకు నిజంగా భయమేసింది.

మేకల గంటలు విని కేకేశాను. అరవై దాటిన అవ్వ ఒకామె పొదల్లోంచి వచ్చింది. మమ్మల్ని చూడగానే "ఏం తల్లీ, ఈడికెట్లొచ్చినారు? ఇది మనుసుల దావ కాదే" అంది. ఇంకో మాట లేకుండా భుజాన తగిలించుకున్న బాటిల్ తీసి తమ్ముడికిచ్చింది. పాత రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్. దాని చుట్టూ గోనెగుడ్డ బిగించి, దబ్బనంతో పురికొస వేసి కుట్టింది. కుట్లు దగ్గర దగ్గరగా, మెడ దగ్గర రెండు వరసలు. గోనె తడిసి ఉంది. ఆ ఎండలో లోపలి నీళ్లు కొత్త కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. గోనెలో తడి ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. సంచిలో ఉన్న మా ఖరీదైన స్టీలు బాటిళ్లకన్నా ఆ గోనెబాటిల్ నాకు మంచిదనిపించింది.

అవ్వ మమ్మల్ని వెనక్కి తీసుకుపోయింది. రెండు బండల మధ్య ఒక మనిషి పట్టే సందులో నుంచి దిగితే రావిచెట్టు వేళ్ల కింద దొన. దాని కింద మూరెడు దిగువన ఇంకోటి. మేనకోడలు ఆత్రంగా కాళ్లు దింపబోతే అవ్వ చేయి పట్టుకుంది. "పైది మనుసులకు, కిందిది జీవాలకు. పైదాంట్లో కాలు పెట్టగూడదు, చెయ్యి గూడా ముంచగూడదు, ముంతతోనే తీసుకోవాల." చెట్టు తొర్రలో సత్తు ముంత బోర్లించి ఉంది. ఎవరిదని అడిగితే, "ఎవురిదీ కాదు, దొనది" అంది. మేకలు ఆమె అదిలించకుండానే కింది దొన దగ్గరికే పోయాయి.

డబ్బు ఇవ్వబోతే కోప్పడింది. చెనిక్కాయ ఉండలు పెడితే రెండు తీసుకుని, ఒకటి కొంగున ముడేసుకుంది, మనవడికట. కోట గోడ కనిపించేదాకా వెంట వచ్చి, "ఇంగ ఎవుర్నన్నా అడిగి పోండి తల్లీ, నోరుంది గదా" అని వెనక్కి తిరిగింది. మళ్లీ గండికోట పోతే ముందు ఆ అవ్వ కోసమే వెతుకుతాను.

మధ్యాహ్నం జమ్మలమడుగులో రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి. మనిషికి 220. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. తమ్ముడు తిన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

అహోబిలం, డిసెంబర్ 14, ఆదివారం

నల్లమలలోకి అడుగుపెట్టగానే మారేది గాలి. తడి వాసన, కుళ్లిన ఆకుల వాసన. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు. ఎగువ గుడి దగ్గర వెదురు కర్ర ఒకటి 20 రూపాయలు. కొనండి. కోతులు చేతిలో ఏది కనిపించినా లాక్కుంటాయి, ముఖ్యంగా నీళ్లబాటిల్ మూత తీయడం వాటికి బాగా తెలుసు.

ఆదివారం కావడంతో జనం బాగా ఉన్నారు. క్రోడ నరసింహస్వామిని చూసి, భవనాశిని ఏటి వెంబడి జ్వాలా నరసింహం వైపు నడిచాం. ఏటి చప్పుడు మమ్మల్ని ఎక్కడా వదల్లేదు. ఒక పక్క గరుడాద్రి, ఒక పక్క వేదాద్రి, మధ్యలో భవనాశిని. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెప్పులు లేకుండా నడుస్తూ, ప్రతి మలుపులో ఆగి మాకోసం ఎదురుచూశాడు. "జ్వాల దగ్గర తడవకుండా స్వామిని చూస్తే ఏం లాభం?" అన్నాడు. నిజమే. గుడికి చేరే ముందు కొండ అంచు మీద నుంచి నీళ్లు దారి మీదే పడుతున్నాయి. ధార వెనక నుంచి, బండకు ఆనుకుని దాటాలి. మూడు రోజులు నీళ్లు కొలుచుకుని తాగిన మాకు తల మీద అంత నీళ్లు పడుతుంటే కదలబుద్ధి కాలేదు. మా తమ్ముడు చేతులు చాచి అట్లాగే నిలబడిపోయాడు. వెనకున్నవాళ్లు ఒక్కరూ తొందరపెట్టలేదు.

పక్కనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చేతుల్ని స్వామి ఇక్కడే కడుక్కున్నాడంటారు. దిగి వచ్చేటప్పుడు మాలోల నరసింహం, ప్రహ్లాద బడి. మోకాళ్లు వణికాయి. సత్రంలో పప్పు, చారు, పులిహోర విస్తరి నిండా పెట్టి, రెండోసారి వడ్డించడానికి అడగకుండానే వచ్చారు.

ఉగ్రస్తంభం, డిసెంబర్ 15, సోమవారం

కొండ కొసనున్న ఉగ్రస్తంభం శిలకు తోడు లేకుండా పోవద్దని అందరూ చెప్పారు. అవ్వ మాట గుర్తుంది, అడిగాం. ఒక చెంచు యువకుడు 1,000 రూపాయలకు వస్తానన్నాడు. షరతు ఒకటే, మధ్యాహ్నానికి కిందికి దిగిపోవాలి. ఇది పులుల అడవి. పొద్దున ఆరుకే కదిలాం.

జ్వాల దారి నుంచి విడిపోయాక మెట్లు లేవు. ఏరు దాటి, ఇంటంత బండల మధ్య నుంచి, చేతులూ కాళ్లూ వాడి ఎక్కాలి. అతను ముందు పోయి, ఏ బండ కదులుతుందో పాదంతో నొక్కి చూసి, "ఈడ వద్దు, ఆడ పెట్టు" అని చెప్పేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు. నరసింహస్వామి గురించి అడిగితే మాత్రం ముఖం వెలిగింది. "మా చెంచులక్ష్మి మొగుడు గదా, మాకు బావ. సంక్రాంతి అయినంక పారువేటకు మా గూడేలకొస్తాడు. నలభై దినాల పైన మా దిక్కే ఉంటాడు" అన్నాడు, చుట్టం రాక గురించి చెప్పినట్టు.

సగం దారిలో బండ పగులులోంచి కారే నీళ్ల దగ్గర ఆగాం. ధార వేలంత సన్నం, బాటిల్ మూతి కింద నిలవదు. అతను మోదుగాకు ఒకటి తెంపి, తొడిమ వైపు నుంచి మడిచి, రెండో మడత లోపలికి దోపి, ముల్లు గుచ్చాడు. అర నిమిషం పట్టింది. ఆ దొప్పను ధార కింద పెడితే చుక్క పోకుండా నిండింది. మొదటిది మా తమ్ముడికి, తర్వాత నాకు, తర్వాత పిల్లకు. అతను చివర్న తాగి, ముల్లు తీసేసి ఆకును పొదలోకి వేశాడు. గండికోట అంచున మేం నింపిన గోతాలు నాకు కళ్ల ముందు కదిలాయి.

చివరి నలభై అడుగులు నిలువు. కింద లోయ. మా తమ్ముడు అక్కడే ఆగిపోతానన్నాడు, బలవంతం చేయలేదు. మేనకోడలు నా ముందు, చెంచు అబ్బాయి నా వెనక. పైకి చేరితే గాలి నిలబడనివ్వదు. రెండుగా చీలినట్టున్న శిల, పసుపు కుంకుమలు, స్వామి పాదాల గుర్తు. హిరణ్యకశిపుడు గదతో కొట్టిన స్తంభం ఇదేనని నమ్మిక. నేను బండను పట్టుకుని కూర్చుని దండం పెట్టుకున్నాను. కళ్లు తెరిస్తే ఎటు చూసినా నల్లమల, మధ్యలో భవనాశిని సన్నటి తెల్లదారంలా. మేనకోడలు ఫోన్ బయటికి తీయలేదు. "అత్తా, పెన్న కూడా ఇట్లాగే ఎక్కడో ఒక దారంలా మొదలై ఉంటుంది కదా" అంది. నంది కొండల్లో మొదలవుతుందని చెప్పాను. ఒకరోజు అక్కడికీ పోదాం అంది. నేపాల్ మాట ఎత్తలేదు. నేనే ఎత్తి, వచ్చే ఏడు తప్పకుండా పోదామన్నాను.

అనంతపురం, డిసెంబర్ 16, మంగళవారం

రాత్రి పొద్దుపోయి చేరాం. మా వీధికి రోజు మార్చి రోజు నీళ్లొస్తాయి, మంగళవారం వంతు. తెల్లవారి నాలుగున్నరకు కొళాయిలో గాలి బుసకొట్టింది. మాకొచ్చేది పెన్నహోబిలం జలాశయం నీళ్లు. అక్కడా పెన్న ఒడ్డున నరసింహస్వామే ఉన్నాడు. బిందెలన్నీ పట్టాక, సంచిలోంచి ఖాళీ రెండు లీటర్ల బాటిల్ తీశాను. అటక మీద గోనెసంచి ఉంది, దబ్బనం మాత్రం పక్కింటి వాళ్లను అడిగి తెచ్చుకున్నాను. అవ్వ కుట్టినంత దగ్గరగా కుట్లు పడలేదు. మెడ దగ్గర మాత్రం రెండు వరసలు వేశాను.